టోపీ హెచ్

పదో తరగతి పరీక్షలు అయిపోయిన మూడోరోజే మా నాన్న నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్లి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో దింపేశాడు. 1988 వేసవి, తెనాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావురా అని ఎవరూ అడగలేదు గానీ, టైపు లోయర్ పాసైతే ఎప్పటికైనా అన్నం పెడుతుందని మాత్రం వీధిలో అందరూ చెప్పారు. మేడ మీద రేకుల షెడ్డు, అందులో పన్నెండు మిషన్లు. ఎనిమిదింటి బ్యాచ్‌కే రేకులు సెగలు కక్కేవి.

కొత్తగా చేరినవాడికి ఎప్పుడూ కిటికీ పక్కనున్న ముసలి రెమింగ్టనే. ఏ, ఎస్, డీ, ఎఫ్, జీ, ఎఫ్. సెమికోలన్, ఎల్, కే, జే, హెచ్, జే. వారంరోజులు ఇదే జపం. చిటికెన వేలికి బలం చాలక ఏ అక్షరం ఎప్పుడూ పలచగా పడేది. రెండో వారంలో ఒకరోజు ఎఫ్ కొట్టాల్సిన చోట జీ పడింది. బ్యాక్‌స్పేస్ మీట కళ్లెదురుగా ఉంది కదా, ధైర్యంగా నొక్కాను. క్యారేజీ కటక్‌మని ఒక అక్షరం వెనక్కి వచ్చింది. జీ మాత్రం అక్కడే ఉంది. సరేనని దాని మీదే ఎఫ్ కొట్టాను. ఎఫ్ కాదు జీ కాదు, నలిగిన బొద్దింకలా తయారైంది.

మాస్టారు వెనకే నిలబడి చూస్తున్నారు. "అది వెనక్కి జరగడానికి నాయనా, చెరపడానికి కాదు. చెరపాలంటే ఇదుగో" అంటూ జేబులోంచి రబ్బరు తీశారు. చక్రంలా గుండ్రంగా, ఓ పక్క కుచ్చు బ్రష్షుతో ఉండే రబ్బరు. రబ్బరు పొడి అక్షరాల మధ్య పడకుండా ముందు క్యారేజీని ఓ చివరికి తోశారు. తర్వాత రెండు రుద్దులు, ఒక ఊదు. కాగితం మీద బొద్దింక పోయి దాని స్థానంలో చిన్న నూగు మిగిలింది.

"మరి ఈ మీట ఎందుకు మాస్టారూ?"

ఆ ప్రశ్నకి జవాబుగా ఆయన చేసి చూపించింది నాకు ఇప్పటికీ ఇంద్రజాలమే. పేజీ మధ్యకి క్యారేజీ తెచ్చారు. శీర్షికలో ప్రతి రెండక్షరాలకీ ఒకసారి బ్యాక్‌స్పేస్ కొడుతూ వెనక్కి వచ్చారు. ఆగినచోట మొదలుపెట్టి శీర్షిక కొట్టారు. స్కేలు లేదు, కొలత లేదు, సరిగ్గా నడిమధ్యన పడింది. మళ్లీ బ్యాక్‌స్పేస్ కొడుతూ మొదటికి వచ్చి కిందంతా గీత కొట్టారు. చెరపడమనే మాటే ఎక్కడా లేదు. ఉన్నదాని మీదికి ఇంకోటి చేర్చడానికే ఆ మీట.

లోయర్‌కి నిమిషానికి 30 మాటలు. పాసయ్యాను. హయ్యర్‌కి 45, అది రెండో దఫాలో గట్టెక్కాను. అన్నం పెట్టింది టైపు కాదనుకోండి, కానీ ఆ మీట నన్ను వదల్లేదు.

ఇంజనీరింగులో యూనిక్స్ (కంప్యూటర్ని నడిపించే వ్యవస్థల్లో ఒకటి) ల్యాబ్ మూడో ఏడాది వచ్చింది. చెప్పులు బయట విప్పి, ఏసీ చల్లదనానికి మైమరిచిపోతూ లోపలికి వెళ్లేవాళ్లం. మూలన గాజు గదిలో ఒకే ఒక కంప్యూటరు, దానికి తీగలతో వేలాడుతూ పదహారు డంబ్ టెర్మినళ్లు. కొన్నిట్లో పచ్చ అక్షరాలు, కొన్నిట్లో పసుప్పచ్చవి. వాటికి సొంత బుర్ర లేదు. మనం కొట్టిన మీట తాలూకు అంకె ఒకటి తీగలో అటు పంపడం, అటునుంచి వచ్చింది తెర మీద చూపించడం, అంతే పని.

మొదటిరోజు లాగిన్ పేరు కొడుతూ ఒక అక్షరం తప్పాను. బ్యాక్‌స్పేస్ నొక్కాను, కర్సరు వెనక్కి వచ్చింది. సరైన అక్షరం కొట్టాను, తెర మీద పేరు ముత్యంలా ఉంది. పాస్‌వర్డ్ కొట్టాను. లాగిన్ ఇన్‌కరెక్ట్. మళ్లీ అదే తంతు, మళ్లీ అదే మాట. ల్యాబ్ అసిస్టెంటు కుర్చీలోంచి లేవకుండానే, "తప్పు పడితే # కొట్టవయ్యా, బ్యాక్‌స్పేస్ ఇక్కడ పని చెయ్యదు" అన్నాడు.

అంటే ఏమిటంటే, లాగిన్ దగ్గర ఆ యూనిక్స్‌కి చెరిపే గుర్తు #. 'కమ#ల' అని కొడితే దానికి 'కల' అని చేరుతుంది. బ్యాక్‌స్పేస్ దానికి మామూలు అక్షరాల్లో ఒక అక్షరం. నేను కొట్టిన తప్పు అక్షరం, వెనక్కి జరగమన్న అక్షరం, సరైన అక్షరం, మూడూ పేరులో కలిసిపోయాయి. తెర మాత్రం బుద్ధిగా వెనక్కి జరిగి పాతదాని మీద కొత్తది వేసి చూపించింది. మన రెమింగ్టన్ అయితే బొద్దింకనన్నా చూపించి నిజం చెప్పేది. ఇది అద్దంలా శుభ్రంగా చూపిస్తూ అబద్ధం చెప్పింది.

# ఎందుకో తర్వాత తెలిసింది. యూనిక్స్ పుట్టినప్పుడు ఎదురుగా తెరలే లేవు, కాగితం మీద దడదడా కొట్టే టెలిటైపులు. కాగితం మీద పడ్డదాన్ని మిషన్ చెరపలేదు కాబట్టి, ముందరి అక్షరం లెక్కలోకి తీసుకోకు అని కంటికి కనిపించే గుర్తొకటి పెట్టుకున్నారు. మొత్తం లైను వద్దనుకుంటే @. బాగానే ఉంది గానీ, సీ భాషలో ప్రోగ్రామ్ మొదలయ్యేదే # ఇంక్లూడ్‌తో. అలాంటి టెర్మినల్ మీద ప్రోగ్రామ్ కొట్టాలంటే # ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేకపోతే మొదటి అక్షరమే ఎగిరిపోతుంది. ఈ అవస్థ మా ముందు తరం పడింది.

మా అవస్థ వేరు. లోపలికి వెళ్లాక ఎవరో పుణ్యాత్ముడు లాగిన్ కాగానే నడిచే ప్రొఫైల్ అనే ఫైల్లో చెరిపే అక్షరాన్ని కంట్రోల్ హెచ్ అని మార్చి పెట్టాడు. కంట్రోల్ హెచ్ అంటే, అక్షరాలకి అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో 8, దాని పేరే బ్యాక్‌స్పేస్. పది టెర్మినళ్ల మీద ఆ మీట నొక్కితే 8 వెళ్లేది, హాయి. మిగతా ఆరూ వేరే తయారీ. వాటిమీద అదే చోట, అదే వేలికి అందే మీట నొక్కితే 127 వెళ్లేది. ఆస్కీలో 127 అంటే డిలీట్. సరే అదీ చెరపడమే కదా అంటారేమో, మా కాలేజీలో ఉన్నది సిస్టమ్ ఫైవ్ రకం యూనిక్స్. ఆ సంప్రదాయంలో 127 వచ్చిందంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపెయ్యమని అర్థం. ఇప్పుడు మనం కంట్రోల్ సీ కొట్టి చేసే పని అన్నమాట. అందుకే ఆ ఆరింటికీ మేం యముళ్లని పేరు పెట్టాం.

ల్యాబ్ పరీక్షనాడు చీటీ తీస్తే నాకు మాత్రికల గుణకారం వచ్చింది. టెర్మినల్ మాత్రం యముడు. ప్రోగ్రామ్ ఒక్క పొరపాటు లేకుండా కంపైలైంది. బయటి కాలేజీనుంచి వచ్చిన ఎగ్జామినరు నా వెనక నిలబడి, "ఏదీ, నడిపించు" అన్నారు. మూడు అడ్డం మూడు నిలువు మాత్రికలు రెండు, మొత్తం పద్దెనిమిది అంకెలు. పదిహేడో అంకె దగ్గర చెయ్యి వణికి 6 బదులు 66 పడింది. ఎన్నేళ్ల అలవాటో కదా, వేలు దానంతటదే వెళ్లింది. ప్రోగ్రామ్ లేదు, అంకెలు లేవు, ఎడమ పక్కన ఒంటరిగా, తర్వాతి కమాండు కోసం ఎదురుచూసే డాలర్ గుర్తు.

"ఏమైంది?"

"ఆగిపోయింది సార్."

"ఎందుకు ఆగింది?"

ఇవాళైతే గంటసేపు చెబుతాను. ఆ రోజు "తెలీదు సార్" అన్నాను. ఆయన వేరేవాడి దగ్గరికి వెళ్లిపోయారు.

ఒక మీటకి రెండు అంకెలేమిటన్న సంగతి తర్వాత వెతుక్కుంటూ వెళితే మళ్లీ మా మాస్టారి జేబులోని రబ్బరు దగ్గరే తేలాను. టెలిటైపుల్లో మనం కొట్టింది కాగితపు టేపు మీద చిల్లులుగా పడేది. ఒక అక్షరానికి అడ్డంగా ఏడు చోట్లు. ఏ అక్షరానికి ఏ చోట్ల చిల్లు పడాలో ఆస్కీ చెబుతుంది. తప్పు పడితే? పడ్డ చిల్లు పూడ్చలేం. కానీ మిగిలిన చోట్ల కూడా పొడిచెయ్యగలం. టేపుని ఒక గడి వెనక్కి లాగి, ఏడు చిల్లులూ పడే మీట కొట్టేవాళ్లు. ఏడు చోట్లా చిల్లులున్న గడి వస్తే లెక్కచెయ్యకుండా ముందుకు పొమ్మని ఒప్పందం. చిల్లంటే ఒకటి, ద్విసంఖ్యా లెక్కలో ఏడు ఒకట్లంటే 127. మోడల్ 33 టెలిటైపు మీద ఆ మీట పేరు రబౌట్, అంటే రుద్దెయ్యి. 8 క్యారేజీ వెనక్కి జరగడానికి, 127 రబ్బరు. మాస్టారు చెప్పినట్టు రెండూ వేర్వేరు పనులే. ఆ 8తో అక్షరం కింద గీతలూ గీసేవాళ్లు, అక్షరాల మీద స్వరచిహ్నాలూ పెట్టేవాళ్లు, అచ్చం మా శీర్షికల్లాగే.

తెరలు వచ్చాక తిరకాసు మొదలైంది. తెర మీద వెనక్కి జరగడమూ చెరపడమూ కలిపి ఒకే మీటకి అప్పజెప్పొచ్చు. అప్పజెప్పారు కూడా. ఆ మీట ఏ అంకె పంపాలన్నది మాత్రం ఎవరిష్టం వాళ్లది. డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100 టెర్మినల్ మీద రెండు మీటలూ విడివిడిగా ఉండేవి. 1983 నాటి వీటీ220కి వచ్చేసరికి ఎంటర్ పైనున్న మీట 127 పంపడం మొదలెట్టింది. ఐబీఎం పీసీ మీద అదే చోటున్న మీటకి 8. యూనిక్స్ తరహాదే అయిన లినక్స్ కన్సోల్ 127 వైపు వెళ్లింది. తెర మీద కిటికీలో తెరుచుకునే టెర్మినల్ ఎక్స్‌టర్మ్ చాలాకాలం 8 దగ్గరే కూర్చుంది. పుట్టి అంటే ఏట్లో పడవ, పుట్టెడంటే ధాన్యం కొలత. మనూళ్లో సందర్భాన్ని బట్టి సర్దుకుపోతాం. తీగకి అటు చివరున్న మిషన్‌కి సందర్భం ఎవరు చెప్పాలి?

ఫైళ్లు రాసుకునే వీఐ ఎడిటర్ దగ్గర మా ల్యాబ్‌లో ఇంకో విచిత్రం ఉండేది. అక్షరాలు చేర్చే ఇన్సర్ట్ పద్ధతిలో ఉండి బ్యాక్‌స్పేస్ కొడితే కర్సరు వెనక్కి వస్తుంది, అక్షరాలు మాత్రం తెర మీదే ఉంటాయి. ఎస్కేప్ కొట్టాకే మాయమవుతాయి. అప్పటిదాకా పోయాయో లేదో తెలియని ఉత్కంఠ. పైగా మనం ఇన్సర్ట్ మొదలుపెట్టిన చోటు దాటి వెనక్కి వెళ్లనివ్వదు, బీప్ మంటుంది. పక్కవాడు "ఏరా, మిషన్ తిడుతోందా?" అనేవాడు. ఆ పట్టుదల దాని తర్వాతి తరం ఎడిటర్ విమ్‌కి కూడా వారసత్వంగా వచ్చింది. సెట్టింగుల ఫైల్లో బ్యాక్‌స్పేస్ అని రాసి ఇండెంట్, ఈవోఎల్, స్టార్ట్ అని మూడు మాటలు చేరిస్తే గానీ దారికి రాదు. ఇది అంకెల గొడవ కాదు, ఎడిటర్ సొంత మర్యాద. 2016లో విమ్ 8 వచ్చాక గానీ కొత్తవాళ్లకి ఈ బాధ తప్పలేదు.

అదే వీఐలో ఎడమకి వెళ్లడానికి హెచ్ నొక్కుతాం కదా, ఎందుకు హెచ్ అన్నది నాకు భలే నచ్చిన ముడి. బిల్ జాయ్ వీఐ రాసింది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ మీద. దాని కీబోర్డులో బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే ఉండేవి. కంట్రోల్ హెచ్ ఎటూ వెనక్కి జరిపేదే కాబట్టి ఎడమ బాణం హెచ్ మీద పడింది. ముసలి రెమింగ్టన్ మీద నేను వారంరోజులు కుడిచేత్తో జపించిన హెచ్చే అది.

చదువు అయ్యాక హైదరాబాద్. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక గది, ముగ్గురం. రూమ్మేట్ సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి సంపాదించి, పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీ నుంచి లినక్స్ ఎక్కించాడు. వాడు ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ భక్తుడు. ఓ రాత్రి నేను దాంట్లో తప్పు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే కింద సహాయం కావాలా అని ఒక ప్రాంప్ట్ తెరుచుకుంది. మళ్లీ నొక్కితే ఇంకో కిటికీ. ఈమ్యాక్స్‌లో కంట్రోల్ హెచ్ అంటే హెల్ప్. మన మీట 8 పంపే టెర్మినల్‌లో ఉందంటే, తప్పు చెరుపుకుందామని వెళ్లినప్పుడల్లా అది పాఠం చెప్పడానికి తయారు. "ఇంతకన్నా మంచి గురువెవడ్రా" అని వాడు పడీపడీ నవ్వాడు.

టోపీ హెచ్ పరిచయమైంది కూడా ఆ గదిలోనే. విండోస్‌లోంచి, ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌లోకి వెళ్లే టెల్నెట్‌తో వాడి లినక్స్‌లోకి వెళ్లి, చిన్న తప్పు పడితే బ్యాక్‌స్పేస్ కొట్టాను. ^హెచ్^హెచ్^హెచ్ అని వరసగా పడింది. ఇటునుంచి 8 వెళుతోంది, అటువాడు 127 కోసం ఎదురుచూస్తున్నాడు. వాడికి 8 అంటే కనపడని అక్షరం, పాపం మనకోసం కనపడేలా టోపీ పెట్టి చూపించాడు. టెర్మినల్ అలవాట్లు మార్చే కమాండు ఎస్‌టీటీవై ఇరేజ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ పాడు మీటే నొక్కి ఎంటర్ కొట్టడం మందు. ఏ అంకె వెళుతోందో అనుమానముంటే ముందు కంట్రోల్ వీ కొట్టి తర్వాత ఆ మీట నొక్కితే చాలు. టోపీ హెచ్ పడితే 8. టోపీ పక్కన ప్రశ్న గుర్తు పడితే 127.

ఈ మందు ఎడిటర్ల దగ్గర ఒక్కోసారి ఎందుకు పని చెయ్యదన్నది అర్థం కావడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. మామూలుగా మనం లైను కొడుతున్నంతసేపూ ఎంటర్ కొట్టేదాకా దాన్ని వ్యవస్థకి గుండెకాయలాంటి కెర్నెల్ తన దగ్గర పెట్టుకుంటుంది. చెరపడం, దిద్దడం గుమ్మం దగ్గరి గుమాస్తా పని. ఎస్‌టీటీవై చెప్పేది ఆ గుమాస్తాకి. ఎడిటర్ తెరవగానే గుమాస్తాని పక్కకి తప్పుకోమంటుంది, ప్రతి మీటా నేరుగా నాకే రావాలంటుంది. ఇక 8కీ 127కీ ఏం అర్థం చెప్పుకోవాలో దాని ఇష్టం. కొన్ని గుమాస్తా చీటీ చూసి నడుచుకుంటాయి. కొన్ని టెర్మినల్ పేరు చూసి టెర్మినళ్ల వివరాల పట్టిక టెర్మ్‌ఇన్‌ఫోలో రాసున్నది నమ్ముతాయి. అక్కడ పేరొకటి, అసలు టెర్మినల్ ఇంకొకటి అయిందా, మళ్లీ మొదటికే.

ఉద్యోగంలో చేరింది 1999లో, 2000 సంవత్సరపు తేదీలకి కంప్యూటర్లు తికమకపడతాయన్న వైటూకే హడావుడి నడుమ. ఆఫీసు పేరెందుకు గానీ, అక్కడి పెద్ద సర్వరు ఇంకా ఆ పాత # @ అలవాటునే పట్టుకుని ఉంది. డేటాబేస్‌లోకి వెళ్లాలంటే పేరు, స్లాష్, పాస్‌వర్డ్, ఆ తర్వాత @, చివర్న డేటాబేస్ పేరు. మొదటిరోజు ఎంత జాగ్రత్తగా కొట్టినా, ఆ డేటాబేస్ పేరొక్కటే చూపించి అలాంటి కమాండు లేదంటుంది. @ పడగానే అంతకు ముందు కొట్టిన లైనంతా హరీమన్నదని తెలియడానికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. ప్రొఫైల్‌లో ఎస్‌టీటీవై లైను ఒకటి రాసుకుని, # బదులు కంట్రోల్ హెచ్, @ బదులు కంట్రోల్ యూ పెట్టుకున్నాను. సీనియర్లు ఏళ్లుగా @ ముందు బ్యాక్‌స్లాష్ కొట్టుకుంటూ గడిపేస్తున్నారట, కుర్రకుంక వచ్చి ఒక్క లైనుతో తీర్చాడని ఆ రోజు సమోసాలు తెప్పించారు.

మర్నాడు తెల్లారి మూడింటికి ఫోన్. రాత్రిపూట దానంతటదే నడిచే పని ఒకటి నా ప్రొఫైల్‌ని చదువుకుని మొదలవుతుంది. అది తప్పు చూపిస్తోంది, వచ్చి చూడమన్నారు. ఆటో దొరక్క సగం దూరం నడిచి వెళ్లాను. పని నిక్షేపంగానే జరిగింది, తప్పు సందేశం మాత్రం మెయిల్‌లో వచ్చి కూర్చుంది. ఒకే లైను. ఎస్‌టీటీవై: నాట్ ఎ టైప్‌రైటర్.

టెర్మినల్ లేకుండా నడుస్తున్నవాడికి టెర్మినల్ సంగతులు చెప్పబోతే యూనిక్స్ ఇచ్చే సమాధానం అది. తప్పు నంబరు 25. ఈ మధ్య మాట మార్చి ఇంకేదో పొడి భాషలో చెబుతున్నారు గానీ, పాత మిషన్లు ఇలాగే అనేవి. ఎవరూ లేని ఆ గదిలో, ఏసీ హోరులో, ఆ మాట చూసి పెద్దగా నవ్వేశాను. సెక్యూరిటీ అతను తలుపు తోసి, "ఏమైంది సార్?" అన్నాడు. తెనాలి రేకుల షెడ్డు, మాస్టారి రబ్బరు, చిటికెన వేలి నొప్పి, ఇవన్నీ అతనికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?

తర్వాత్తర్వాత టెర్మినల్‌లో తెలుగే కొట్టే రోజులొచ్చాయి. అన్ని భాషల అక్షరాల్నీ అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరాల్లో ఒక్కో ముక్కకి మూడు బైట్లు. 'శ్రీ' అని కొడితే శ, పొల్లు, ర, దీర్ఘం, నాలుగు ముక్కలు, పన్నెండు బైట్లు. గుమాస్తాకి యూటీఎఫ్-8 అని చెప్పే ఐయూటీఎఫ్8 అనే సెట్టింగు లేని చోట బ్యాక్‌స్పేస్ కొడితే మూడో వంతు ముక్క పోతుంది, రెండు వంతులు కుళ్లిపోయి మిగులుతాయి. శ్రీ పూర్తిగా పోవాలంటే పన్నెండు సార్లు కొట్టాలి. సెట్టింగు ఉన్నచోట నాలుగు సార్లు. ముందు దీర్ఘం ఊడి 'శ్ర' అవుతుంది, తర్వాత 'శ్', తర్వాత ఉత్త 'శ'. ఒక్కసారి కొడితే ఒక్క అక్షరం పోవాలని మన కంటికి అనిపిస్తుంది. ఆ కన్ను దానికి లేదు.

మా ల్యాబ్ బ్యాచ్‌కి ఇప్పుడో వాట్సాప్ గ్రూప్ ఉంది. ముప్పయ్యేళ్లు దాటినా యముళ్ల మాట రాని నెల ఉండదు. మొన్న ఒకడు మా పాత ల్యాబ్ అసిస్టెంటు రిటైరయ్యాడని చెబుతూ "ఆ రాక్షసుడు^హెచ్^హెచ్^హెచ్^హెచ్ పెద్దమనిషి" అని రాశాడు. నవ్వుకుని ఊరుకోవచ్చు కదా, నేను ఊరుకోలేదు. "నాలుగే పెట్టావేం? రాక్షసుడు పోవాలంటే తొమ్మిది కావాలి. ర, దీర్ఘం, క, పొల్లు, ష, స, కొమ్ము, డ, కొమ్ము" అని లెక్కగట్టి పెట్టాను. "కంటికి కనపడేవి నాలుగేరా, రా, క్ష, సు, డు" అన్నాడు వాడు. అప్పటిదాకా నోరెత్తని అమీర్‌పేట రూమ్మేట్, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు, అక్కడ అర్ధరాత్రి, ఒక్క అంకె రాసి పడుకున్నాడు: "27."